నల్లగొండలో ఆడవాళ్లు కలిసి నడిచే గుంపు ఏదైనా ఉందా? లేకుంటే ఎట్లా మొదలుపెట్టాలి?

పానగల్లు రోడ్డు:

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటాను. నలభై ఏడేళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. మా ఆయన గుండెపోటుతో పోయారు, సంవత్సరీకం కూడా అయిపోయింది. బాబు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో నేనూ మా అత్తమ్మా.

పొద్దంతా మిషన్ మీద వంగి కూర్చుంటాను. రాత్రి నిద్ర పట్టదు. ఈమధ్య బీపీ వచ్చింది, షుగర్ కూడా బార్డర్‌లో ఉందన్నారు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, "రోజూ అరగంట నడవాలమ్మా, నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఈ మాత్రలు ఎంతవరకని పనిచేస్తాయి" అంది.

నడవడానికి మా వైపు చోటుకు కొదవ లేదు. ఉదయ సముద్రం కట్ట దగ్గరే. చెరువులోకి కృష్ణా నీళ్లు వస్తాయి, పొద్దున్నే గాలి హాయిగా ఉంటుంది. ఓపిక ఉంటే ఛాయా సోమేశ్వరాలయం దాకా పోయి దండం పెట్టుకుని రావచ్చు. పెళ్లయిన కొత్తలో మా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లి, గర్భగుడిలో లింగం మీద పొద్దంతా కదలకుండా ఉండే స్తంభం నీడను చూపించి, అది ఏ స్తంభం నీడో చెప్పమని అడిగారు.

ఒక్కదాన్నే కొన్నిసార్లు పోయి చూశాను. కుక్కలంటే భయం. వెనక బైకు చప్పుడైతే మెడ మీద చెయ్యి వేసుకునేదాన్ని. అవైనా ఓర్చుకునేదాన్నేమో. ఒకరోజు నేను గేటు తీసుకుని బయటికి వచ్చేసరికి మా వీధిలో ఒకాయన బండి స్టార్ట్ చేసుకుని ఏదో పని మీద పోబోతున్నాడు. నన్ను చూశాడు. బండి ఆపేసి, లోపలికి పోయి, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చాడు. గ్లాసు చేతిలోనే ఉంది. ఒక్క మాట అనలేదు. ఎందుకు పోయాడో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మర్నాటి నుంచి నేను పొద్దున పూట గేటు దాటలేదు.

చుట్టాలు వస్తారు, పోతారు. అందరూ మంచివాళ్లే. కానీ ఏ మాట మొదలుపెట్టినా చివరికి "ఎట్లాంటి మనిషి, ఎంత పని అయిపోయింది" అనే దగ్గరికే వస్తుంది. నాకు వేరే మాటలు కావాలి. టమాట ధర, ఎవరి పిల్లకు ఎక్కడ సీటొచ్చింది, ఏ షాపులో లైనింగ్ బట్ట బాగుంది, ఏదైనా సరే.

ఫోన్‌లో వీడియోలు చూస్తుంటాను. ఆడవాళ్లంతా కలిసి గుట్టలెక్కుతున్నారు, భువనగిరి కోట మీద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వాళ్లంతా హైదరాబాద్ ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు. మా వయసు వాళ్లు, మా వంటి ఇళ్ల వాళ్లు కలిసి నడిచేది నల్లగొండలో ఎక్కడైనా ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? అత్తమ్మకు ఎట్లా చెప్పాలో కూడా తెలియడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ టీచర్:

అక్కా, ఆ మంచినీళ్లు తాగినాయన సంగతి చదివి నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. మీరు గేటు లోపల ఉండిపోవాల్సిన తప్పేమీ చేయలేదు.

నల్లగొండలో గుంపు ఉందో లేదో నాకు తెలియదు కానీ మా స్టాఫ్‌లో ఆడవాళ్లం కొందరం సెలవు రోజుల్లో మా దేవరకొండ ఖిల్లా ఎక్కుతాం. ఏడు గుట్టల మధ్య కట్టిన కోట, రేచర్ల పద్మనాయకుల కాలంది. పైదాకా పోవాలని పంతం ఏమీ పెట్టుకోం. ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ రాతి మీద కూర్చుని సద్ది విప్పుతాం.

కుక్కల గురించి: చేతిలో కర్ర ఉంటే చాలు, ఎత్తాల్సిన అవసరం కూడా రాదు. పరుగెత్తొద్దు. గొలుసులు, గాజులు ఇంట్లో పెట్టేయండి. ఫోన్ చేతిలో పట్టుకోకుండా నడుముకు కట్టుకునే చిన్న పౌచ్‌లో పెట్టుకోండి. మీరు కుడతారు కదా, పది నిమిషాల పని. ఎవరైనా వెంటపడి ఇబ్బంది పెడితే మొహమాటం లేకుండా 100కు ఫోన్ చేయండి, ఆడవాళ్ల రక్షణకు పెట్టిన పోలీసు షీ టీమ్‌లు జిల్లాల్లోనూ ఉన్నాయి.

ఇంకొక మాట. గుట్టలెక్కడం మన వంటి ఇళ్ల వాళ్లది కాదనుకోవద్దు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ, గురుకులంలో చదివింది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ పిల్ల మొదట బండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. మా స్కూల్లో ఆడపిల్లలకు ప్రతి ఏడాదీ చెబుతాను.

పాలమూరు వదిన:

చెల్లే, నీ పోస్టు చదివి వంట ఆపి రాస్తున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను. మా గుంపుకు పేరు లేదు, బ్యానర్ లేదు, ఫీజు లేదు. కొందరం మహిళా సంఘంలో కలిసి పొదుపు కట్టేవాళ్లం, మిగతావాళ్లు తర్వాత కలిశారు. అంగన్‌వాడీ టీచర్ ఉంది, సాయంత్రం మిర్చిబండి పెట్టే ఆమె ఉంది, బ్యాంకులో రిటైరైన మేడమ్ ఉంది. ఇద్దరు ముస్లిం అక్కాచెల్లెళ్లు బురఖాలోనే వస్తారు, మా అందరికన్నా వాళ్ల నడకే జోరు. మొదలైన తీరు కూడా పెద్ద కథేం కాదు. నెల మీటింగు అయిపోయాక ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాక రోడ్డు మీద నిలబడి మాట్లాడుకునేవాళ్లం. సంఘం లీడరు ఒకసారి, "నిలబడి కాళ్లు నొప్పులు తెచ్చుకునే బదులు నడుచుకుంటూ మాట్లాడదాం రండి" అంది.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. గుంపు నిలబడేది గేటు దగ్గర. "అందరూ ఐదున్నరకు గ్రౌండ్ దగ్గరికి వచ్చేయండి" అని పెట్టామనుకో, వారం తిరిగేసరికి ఇద్దరు ముగ్గురే మిగులుతారు. గ్రౌండ్ చుట్టూ నడవడం ఆడవాళ్లకు కష్టం కాదు. ఇంటి గేటు నుంచి గ్రౌండ్ దాకా మసక చీకట్లో ఒక్కతే పోవడం కష్టం. అందుకని మాలో అందరికన్నా దూరంగా ఉండేవాళ్లు, పక్కపక్క ఇళ్ల వాళ్లే, ముందుగా కలిసి బయల్దేరుతారు. దారిలో ఒక్కో గేటు దగ్గర ఆగి, గడియ చప్పుడు చేస్తారు. ఆమె చెప్పులేసుకుని వస్తుంది. అట్లా ఒక్కొక్కరూ చేరి గ్రౌండ్‌కు వచ్చేసరికి గుంపు నిండుతుంది. వచ్చేటప్పుడూ అంతే, ఎవరి గేటు దగ్గర వాళ్లను దింపుకుంటూ వస్తాం. గేటు దగ్గర ఇంకొకరు నిలబడి ఉన్నారంటే దుప్పటి దానంతట అదే పక్కకు పోతుంది.

నువ్వు రాసిన ఆ "ఎదురు" సంగతికి కూడా ఇదే మందు. మాలోనూ భర్త పోయిన ఆమె ఉంది. నీలాగే తెల్లవారకముందు బయటికి రానని మొండికేసింది. మేం ఆమె గేటుకు పోయి, ఆమెను మధ్యలో పెట్టుకుని నడిచాం. ఎవరైనా పని మీద పోతూ ఎదురుపడ్డా అంతమంది ఆడవాళ్లలో ఎవరిని చూసి శకునం లెక్కపెట్టుకుంటారు? లోపలికి పోయి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారు? కొన్నాళ్లకు ఆ వీధి వాళ్లే "ఈరోజు ఆలస్యమైందేం" అని పలకరించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమె మధ్యలో నడవదు, అందరికన్నా ముందు నడుస్తుంది. వీధి మనసు మారిందని నేను అనను. వీధికి అలవాటైంది. మనకు అది చాలు.

వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం కానీ అందులో గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డులు పెట్టడానికి లేదు. రాత్రి తొమ్మిదిలోపు "వస్తా" లేదా "రాను", అంతే. రాను అంటే ఎందుకని అడగం. నెలసరి కావచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు, ఒళ్లు బరువుగా ఉండొచ్చు. కానీ వరుసగా కొన్ని రోజులు కనపడకపోతే మా రూటు మార్చుకుని వాళ్ల ఇంటి ముందు నుంచి పోతాం. లోపలికి పోం. గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచి, చెయ్యి ఊపి, ముందుకు పోతాం.

మాలో ఒకామెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్ పోయి కీమో తీసుకుని వచ్చిన వారం మంచం దిగేది కాదు. రెండో వారంలో కొంచెం ఓపిక వస్తే, ఆమెను గ్రౌండ్‌కు రమ్మనలేదు, గుంపే ఆమె గల్లీకి పోయింది. ఆమె గేటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా, మళ్లీ వెనక్కి. అందరం అదే నడక, అదే మెల్లగా. తలకు స్కార్ఫ్ కట్టుకుని ఆమె నడుస్తుంటే మిర్చిబండి ఆమె పక్కనే బజ్జీల పిండిలో వాము ఎంత వేయాలో, వంటసోడా ఎందుకు తక్కువ వేయాలో చెబుతూ ఉండేది. జబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె తర్వాత నాతో, "డాక్టర్ దగ్గర, ఇంట్లో, చుట్టాల దగ్గర నేను పేషెంట్‌నే. మీ దగ్గర ఒక్కచోటే బజ్జీలు రాని మనిషిని" అంది. చెల్లే, నువ్వు అడిగిన "వేరే మాటలు" ఇవే.

మా పిల్లలమర్రి నీకు తెలిసే ఉంటుంది, ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు లోపల తినేస్తున్నాయని తెలిసి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కించారు, ఒరిగిన కొమ్మల కింద ఊతంగా దిమ్మెలు కట్టారు. చికిత్స నడిచే రోజుల్లో మా క్యాన్సర్ చెల్లెలు ఆ ఫోటో ఫోన్‌లో పెట్టుకుంది. తెరిచి చూపించి, "దీనికీ నాలాగే సీసాలు" అనేది.

గుట్టలు ఆ తర్వాత వచ్చాయి. మొదట మన్యంకొండ. పాలమూరు తిరుపతి అంటాం మేము. ఉలి ముట్టని స్వామి, చెక్కని పాదాలు, తవ్వని కోనేరు అని పేరు. గుడికి పోతున్నామంటే ఇంట్లో ఎవరూ కాదనరు, అందుకే మొదటి గుట్ట గుడి ఉన్న గుట్టే పెట్టుకో. నల్లగొండ వాళ్లకు చెర్వుగట్టు ఉంది కదా, అమావాస్య నాడు రద్దీ, మామూలు రోజు పొద్దున్నే పో. బస్సు ఖర్చు కూడా లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మనకు జీరో టికెట్. ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి.

మెట్లెక్కేటప్పుడు మాకు ఒకటే కట్టుబాటు. అందరికన్నా మెల్లగా నడిచే ఆమె ముందు ఉండాలి. ఆమెను దాటి ఎవరూ పోకూడదు. మెల్లగా నడిచేవాళ్లను వెనక వదిలేస్తే ఏమవుతుందో చూడు. ముందువాళ్లు పైన కూర్చుని ఆయాసం తీర్చుకుంటారు, వెనకామె చెమటలు కక్కుతూ వచ్చేసరికి వాళ్లు లేచి బయల్దేరతారు. ఆమెకు కూర్చునే టైమే దొరకదు, పైగా అందరినీ ఆపుతున్నానని సిగ్గు. మళ్లీసారి రాదు. ఆమెనే ముందు పెడితే నడక ఆమెది, మిగతావాళ్లు ఆమె వేగానికి సర్దుకుంటారు. బ్యాంకు మేడమ్‌కు మోకాళ్లు బాగా లేవు, ఆమెనే మాకు లీడర్.

నా సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయి పెళ్లి నిలబడలేదు, పుట్టింటికి వచ్చేసింది. ఫంక్షన్లకు పోవడం మానేశాను, ఎవరు ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ "ఏమైందమ్మా" అన్నా గొంతు పట్టేసేది. మన్యంకొండ మెట్ల మీద, పక్కన అంగన్‌వాడీ టీచర్ నడుస్తోంది, ఇద్దరి చూపూ మెట్ల మీదే ఉంది. అడగకుండానే నేనే చెప్పేశాను, మొదటి నుంచి చివరిదాకా. ఆమె మధ్యలో ఆపలేదు, సలహా ఇవ్వలేదు. అంతా విన్నాక, "బిడ్డను కూడా తీసుకురా" అంది. ఇప్పుడు మా అమ్మాయి కూడా వస్తుంది. బీఈడీ చేస్తోంది.

ఇద్దరితో మొదలుపెట్టు చెల్లే. నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే వాళ్లంతా ఆడవాళ్లే కదా. ఒక్కదాన్ని అడుగు. "వాకింగ్ గ్రూపు పెడుతున్నాను, చేరతావా" అనకు. "రేపు పొద్దున నాతో కట్ట దాకా వస్తావా" అని అడుగు.

మర్రిగూడ నర్సమ్మ:

వదిన చెప్పిన గేటు పద్ధతి బాగుంది. నేను ఆరోగ్యం సంగతి చెబుతాను, గుంపులో ఎవరికైనా పనికొస్తుంది.

పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. చురుగ్గా అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వాచీలు, స్టెప్పులు లెక్కపెట్టే ఫోన్లు అక్కర్లేదు.

గుట్ట ఎక్కే ముందు ప్రతి ఒక్కరూ హిమోగ్లోబిన్ చూపించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణ ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. నాలుగు మెట్లకే ఆయాసం వస్తే వయసనుకుని సరిపెట్టుకుంటారు, చాలాసార్లు అది రక్తం తక్కువై వచ్చే ఆయాసం. పీహెచ్‌సీలో ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. టీ తాగిన వెంటనే వేసుకోవద్దు, ఒంటికి పట్టదు.

షుగర్ మాత్రలు వేసుకునే వాళ్లు పరగడుపున గుట్ట ఎక్కొద్దు. కొంగున రెండు బిస్కెట్లో, బెల్లం ముక్కో ఉంచుకోండి. చెమట పట్టి చేతులు వణికితే ఆగి, అది నోట్లో వేసుకోవాలి. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టుండి, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకితే మాత్రం గ్యాస్ అనుకుని సోడా తాగొద్దు, కూర్చోబెట్టి 108కు ఫోన్ చేయండి.

ఇది మా వైపు వాళ్ల కోసం ప్రత్యేకంగా. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఒకప్పుడు బోరు నీళ్లే దిక్కు. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇక్కడి బోర్లలో అది ఎక్కువ. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి కానీ పాతికేళ్లు, ముప్పై ఏళ్లు ఆ నీళ్లు తాగిన ఎముక ఇప్పుడు కొత్తది కాదు. వెన్ను వంగనివాళ్లు, మెడ తిరగనివాళ్లు, మోకాళ్లు బిగుసుకున్నవాళ్లు ఉంటే గుట్టలొద్దు, చదును నేల మీద నడిపించండి. వాళ్లను ఇంట్లో వదిలేయొద్దు అని మాత్రం గట్టిగా చెబుతున్నాను. మా పీహెచ్‌సీకి వచ్చే ఒక అవ్వ నడుము నిటారుగా నిలబడలేదు. ఆకిలి నుంచి బొడ్రాయి దాకా మనవరాలి చెయ్యి పట్టుకుని పోయి వస్తుంది. అదీ నడకే.

ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది. దిగేటప్పుడు కర్ర వాడండి, అడుగు చిన్నగా వేయండి. రబ్బరు చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవైనా వేసుకోండి. చీర మీద బూట్లు వేసుకుంటే ఎవరో నవ్వుతారని ఆగొద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి, మన ఎండలు తెలిసినవే. మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే అలవాటు మన ఆడవాళ్లలో చాలామందికి ఉంది. యూరిన్ ఇన్‌ఫెక్షన్లు రావడానికి అదీ ఒక కారణం. బయల్దేరే ముందే దారిలో బాత్రూమ్ ఎక్కడుందో చూసి పెట్టుకోండి, బస్టాండో గుడో పెట్రోల్ బంకో. గుంపుగా ఉంటే నలుగురు అడ్డం నిలబడతారు, అది కూడా గుంపు చేసే సాయమే.

మిర్యాలగూడ తమ్ముడు:

మగవాళ్లు రాయొచ్చో లేదో తెలియదు. నాన్న పోయాక మా అమ్మ కూడా ఇట్లాగే ఇంట్లో ఉండిపోయింది. పక్క వీధి ఆంటీలు కొందరు కలిసి నడుస్తుంటే ఒకరోజు వచ్చి పిలిచారు. ఇప్పుడు పొద్దున టీ నేనే పెడతాను, పాలు నేనే తెస్తాను. ఇంట్లో వాళ్లు ఆ గంట పని అందుకుంటే చాలామంది అమ్మలు బయటికి రాగలరు. అక్కా, మీ బాబుకు కూడా చెప్పండి. ఫోన్‌లో "అమ్మా తిన్నావా" అని అడిగినట్టే "అమ్మా నడిచావా" అని అడగమనండి.

పానగల్లు రోడ్డు:

అందరికీ ఎట్లా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. వదినా, నువ్వు రాసింది రాత్రి మా అత్తమ్మకు చదివి వినిపించాను, ఆ ఎదురు సంగతి దగ్గర కొంచెం భయపడుతూనే. ఆమె కూడా చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. కూలి పనికి పోయేటప్పుడు కూడా ఊరి నడిమి నుంచి కాకుండా చేల గట్ల మీద నుంచి తిరిగి పోయేదట. ఇన్నేళ్లలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. అంతా విని, "పొద్దుగాల ఎన్ని గంటలకు లేపాలె నిన్ను?" అంది.

ఈరోజు జాకెట్ తీసుకుపోవడానికి వచ్చిన ఒకామెను అడిగాను. నువ్వు చెప్పినట్టే, "రేపు కట్ట దాకా వస్తావా" అని. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, వాళ్ల ఆయన్ను అడిగి చెబుతానంది. ఆమె చెప్పేదాకా ఆగాలా, ఇంకొకరిని కూడా అడగాలా?

పాలమూరు వదిన:

ఇంకొకరిని అడుగు. ఆమెను మళ్లీ అడగొద్దు, నువ్వు పోవడం ఆమె చూస్తే చాలు. మీ అత్తమ్మను కూడా వారానికి ఒకరోజు ఛాయా సోమేశ్వరాలయం దాకా ఆటోలో తీసుకురా. మీరు నడిచి వచ్చేసరికి ఆమె గుడి అరుగు మీద కూర్చుని ఉంటుంది. చేల గట్ల మీద తిరిగి పోయిన మనిషి ఊరి నడిమి నుంచి గుడికి రావాలి కదా చెల్లే.

రామగిరి:

అక్కా, నేను నల్లగొండే. రామగిరిలో ఉంటాను, ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో మా ఆయనతో కలిసి నడుస్తాను. ఆయన నడక నాకు అందదు, ఎప్పుడూ ఇరవై అడుగులు ముందే ఉంటాడు. నిన్నటి నుంచి ఈ మాటలన్నీ చదువుతున్నాను. మా పక్కింటి పిన్నిని అడిగితే సరేనంది, ఆమెకు స్కూటీ వచ్చు. రేపు ఇద్దరం ఐదున్నరకు మీ గేటు దగ్గరికే వస్తాం, ఇంటి గుర్తులు మెసేజ్‌లో పెట్టండి. మీరు బయట నిలబడొద్దు, మేం వచ్చి గడియ చప్పుడు చేస్తాం. కర్ర నేను తెస్తాను. నాకు రెండు జాకెట్లు కుట్టేవి ఉన్నాయి, ఆది జాకెట్ కూడా పట్టుకొస్తాను. పండగలోపు ఇస్తారా?